పళ్ళెంలో నూనెచుక్క

ఆ ఇంజనీరు ముఖం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చమురు ధర ఎగబాకి, గల్ఫ్ ఎడారిలోని దుఖాన్‌లో రోజుకో కొత్త షెడ్డు లేస్తున్న రోజులవి. కంపెనీ మెస్సులో నేను రెండో వంటవాణ్ణి. పెద్ద వంటాయన ఇటలీ ముసలాయన. ఇంజనీరుదీ ఇటలీయే. డ్యూటీ అయ్యాక టేపురికార్డరు చంకన పెట్టుకొని, తన దేశపు కూలీల చుట్టూ తిరిగి పల్లెపాటలూ నాటువైద్యాలూ పోగుచేసేవాడు. ముసలాళ్ళు పోతే ఇవన్నీ పోతాయట, తను కాపాడుతున్నాడట. కాపాడే మొహమే అది!

వంటాయనకు దిష్టి తీయడం వచ్చు. మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఈయన పళ్ళెంలో నీళ్ళు పోసి, మూడు నూనెచుక్కలు వదిలి, పెదవుల మధ్యే ఏవో మాటలు గొణిగేవాడు. చుక్క చెదిరితే దిష్టి తగిలినట్టు. నా తలనొప్పి ఎన్నిసార్లు దించాడో లెక్కలేదు. ఆ మాటలు క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఒక్కరికే చెప్పాలట. ఇంకెలా బయటపడినా వాటి బలం పోతుందట. వాళ్ళమ్మ ఆయనకు అలాగే ఇచ్చింది. ఆ ఏడు ఇంటికెళ్ళి కూతురికి ఇవ్వాలని టికెట్టు కూడా కొనుక్కున్నాడు.

ఇంజనీరు అడిగితే ముసలాయన "మాఫీ" అని, అంటే అరబ్బీలో లేదు పొమ్మని, ముఖం తిప్పుకున్నాడు. దాంతో వాడు నా మీద పడ్డాడు. నా సెలవు కాగితం మీద సంతకం పెట్టాల్సింది వాడే. రెండేళ్ళుగా తొక్కిపెట్టాడు. పెళ్ళయిన నెలకే వచ్చినవాణ్ణి నేను. "దుబాయ్‌ల పెండ్లాం యాదికొస్తలేదా?" అని మా ఆవిడ ఉత్తరం రాయించింది. మా ఊళ్ళో గల్ఫంతా దుబాయే. "తలనొప్పి అని చెప్పు, చాలు," అన్నాడు ఇంజనీరు. సిగ్గులేకుండా ఒప్పుకున్నాను.

పిండిడబ్బా వెనక టేపు పెట్టి, నుదురు పట్టుకొని కూర్చున్నాను.

"మళ్ళీ వచ్చిందా? బైఠో బేటా," అన్నాడు ముసలాయన. మా మధ్య నడిచేది క్యాంప్ హిందీ. పళ్ళెం తెచ్చి ఓపిగ్గా అంతా చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ త్రాష్టుడు భోజనాల బల్ల మీద టేపు పెట్టి అందరికీ వినిపించాడు. గరిటె పట్టుకొని నిలబడ్డ ముసలాయన తన గొంతు తనే విన్నాడు. చివర్లో నా దొంగమూలుగు కూడా ఉంది. ఆయన గరిటె బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయాడు. ఆ వారమే టికెట్టు వాపసు చేశాడు. కూతురికి ఇవ్వడానికి ఇంకేం మిగిలిందని అన్నాడట.

నాకు సెలవు దొరికింది. బయలుదేరే ముందురోజు తల పగిలిపోతోంది. అలవాటు చొప్పున వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను.

"సర్ మే దర్ద్ హై, చాచా. ఈసారి సచ్."

ఆయన పళ్ళెం, నీళ్ళు, నూనెసీసా తెచ్చి నా ముందు పెట్టాడు.

"తుమ్ కరో. మాటలు నీ దగ్గరున్నాయి కదా."

ఉల్లిగడ్డలు కోసుకోవడానికి వెళ్ళిపోయాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి మూడు చుక్కలు వదిలాను. ఆ మాటల్లో ఒక్కటి కూడా నాకు రాదు.