పాత బోరులోకి వదిలిన పైపు

ఎల్‌బీ నగర్ దాటి బడంగ్‌పేట్ వైపు పోతే మా కాలనీ. డ్రైనేజీ లైను ఇంకా మా దాకా రాలేదు. పది ఫ్లాట్ల బాత్రూమ్ నీళ్లూ, దొడ్డి నీళ్లూ అన్నీ కింద ఉన్న సెప్టిక్ ట్యాంకులోకే. వానాకాలం వస్తే అది నిండిపోయి పార్కింగులోకి నురగ కక్కేది. చీర కుచ్చిళ్లు పైకెత్తుకుని, ముక్కు మూసుకుని స్కూటీ తీసుకునేదాన్ని. అలా సైదాబాద్ వెళ్లి బడిలో పిల్లలకి పరిశుభ్రత పాఠం చెప్పేదాన్ని. నేను సైన్స్ టీచర్ని మరి.

కిందటేడు వానల్లో అపార్ట్‌మెంటు వాళ్లంతా మా ఇంట్లోనే మీటింగ్ పెట్టుకున్నారు. మా ఆయన సెక్రటరీ. వెనక గోడ దగ్గర ఎండిపోయిన పాత బోరు ఊరికే పడి ఉందిగా, ట్యాంకు పైపు అందులోకి వదిలేస్తే పీడా వదిలిపోతుంది అన్నారాయన. ఒక్కరంటే ఒక్కరు అదేం పనండీ అనలేదు. పైగా, భలే ఐడియా సార్ అని మెచ్చుకోళ్లు. చదువుకున్న మనుషులు, ఛీ. వాళ్లందరికీ టీ అందించింది నేనే. భూమి లోపల నీళ్లు ఒక బోరు నుంచి ఇంకో బోరుకి ఎలా చేరతాయో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తాను. ఆ రోజు నా నోటికి ఏ రోగం వచ్చిందో! అబద్ధమెందుకు, రేపట్నుంచి ఆ నురగ తొక్కక్కర్లేదని నాకూ హాయిగానే అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం లోపే ప్లంబరు పైపు కలిపేసి, పైన నాపరాయి కప్పేసి పోయాడు. పార్కింగు ఆరిపోయింది. మావాళ్లు మా ఆయన్ని తెగ పొగిడారు.

వెనక గోడకి అవతల ఒక రేకుల ఇల్లుంది. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన వాళ్లు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని చేస్తాడు. ఆవిడ ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుడుతుంది, ముసలి అత్తగారిని చూసుకుంటుంది. వంటకైనా తాగడానికైనా వాళ్లకి గోడకి అటుపక్కనున్న వాళ్ల సొంత బోరే దిక్కు.

రెండు నెలలయిందో లేదో, ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ గోడ మీద నుంచి నన్ను పిలిచి గ్లాసు అందించింది.

"చెల్లె, జర వాసన చూడు. నాకొక్కదానికే గిట్ల అనిపిస్తుందా ఏంది?"

ముక్కు దాకా తెచ్చుకున్నానో లేదో గ్లాసు వెనక్కిచ్చేశాను. చెప్పక్కర్లేదు, అది మా కంపే. ఆ కంపు నేను ముక్కు మూసుకుని రోజూ దాటిందే.

"సంపుల ఎలుకనో ఏదో పడ్డదనుకున్న. నేనే దిగి తోమిన. అయినా పోతలేదు. అత్తమ్మకు మూడు దినాల సంది వాంతులు, దవాఖానల పెట్టిన్రు" అంది.

కాచి తాగండక్కా అన్నాను. ఎంత సిగ్గులేని సలహా!

ఇంట్లోకొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "ముందు ఆ పైపు తీయించండి, వాళ్లకి నిజం చెప్పండి" అన్నాను.

"చెప్తే మన గుమ్మం ముందుకొచ్చి గొడవ చేస్తారు. ఊళ్లో అందరూ చేసేదే, మనమొక్కళ్లమేనా? వానలు తగ్గాక చూద్దాంలే" అని ఆయన టీవీ వైపు తిరిగారు. నేను అరిచాను, ఆ రాత్రి అన్నం మానేశాను. పొద్దున్నే లేచి బాత్రూమ్‌కి మాత్రం వెళ్లాను. ఎవరి మీద కోపం తెచ్చుకోను?

వారం తర్వాత ఆవిడే కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. అత్తగారింకా దవాఖానలోనే ఉంది.

"మున్సిపాలిటీ ఆఫీసుల దరఖాస్తు ఇయ్యమన్నరు. నీకు సదువొచ్చు, జర మంచిగ రాసిపెట్టు చెల్లె."

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి రాశాను. విషయం: బోరు నీరు కలుషితమగుట గురించి. గుండ్రటి అక్షరాలు, బడిలో రాసినట్టే. మా ఆయన లోపలి గదిలోంచి కదల్లేదు.

"దేనితోని ఖరాబైనయో అది గుడ రాసినవా?"

"రాశానక్కా. కారణం తెలియడం లేదు, దయచేసి పరిశీలించగలరు అని."

"నువ్వున్నవ్ గాబట్టి సరిపోయింది" అని సంతకం పెట్టి, నా చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్లింది.

తలుపేసి వచ్చి చేతులు కడుక్కున్నాను. సబ్బు పెట్టి చాలాసేపు కడుక్కున్నాను. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.