ఉస్తాద్ వీపు

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు మా జిమ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "మన రెజ్లింగ్ సార్ ఇక లేరు" అని ఒక ముక్క, దాని కింద వరసగా దండాల బొమ్మలు, వాటి కింద "సాయంత్రం క్లాస్ యథావిధిగా ఉంటుంది" అని ఇంకో ముక్క. ఒళ్లు మండిపోయింది. ఆయన ఆ పిలుపును ఏనాడూ ఒప్పుకోలేదు. ఎవరైనా సార్ అంటే, "సార్ బడిల ఉంటడు, నేను ఉస్తాద్‌ను" అని మీసం మీద చెయ్యి వేసేవారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. నాచారంలో ఒక పాత కుస్తీ అఖాడా ఉంది, రేకుల కప్పు కింద ఎర్రమట్టి గోదా. అక్కడ ఆయన గురువు. నేను ఉప్పల్‌లో బ్రెజిలియన్ జియుజిత్సు నేర్చుకుంటాను. మా ఆటలో అసలు పని నేల మీదే. వెల్లకిలా పడుకుని కూడా ఎదుటివాణ్ణి కాళ్లతో బంధించి గెలవచ్చు. కానీ నిలబడి ఉన్న మనిషిని పడగొట్టడం మాకు సరిగ్గా చేతకాదు. పోటీల్లో నేను ఓడిపోయేది అక్కడే. అందుకే కుస్తీ పట్లు నేర్పమని ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఆడివిల్లలు మట్టిల కాలు వెట్టొద్దు బిడ్డా. ఇక్కడి రివాజు" అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మట్టి చెప్పిందా ఉస్తాద్ మీకు, ఆడోళ్లు రావొద్దని?"

ఆయన మీసం దువ్వుకున్నారు. "రివాజు నేను వెట్టలే. తీసేసే తాకత్ నాకు లేదు. నువ్వు మట్టికాడికి రావద్దంటె, నేనే నీకాడికి వస్త."

ఆ రివాజు మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. ఆయన మాత్రం మాట తప్పలేదు. పాత స్కూటర్ మీద నాచారం నుంచి ఉప్పల్ వచ్చేవారు. గుమ్మంలో చెప్పులు విడిచి, మ్యాట్‌కు చెయ్యి తాకించి కళ్లకు అద్దుకునేవారు. దాన్ని "దూదిపరుపు" అని వెక్కిరించేదీ ఆయనే. రుమాలు కొసన గోదా మట్టి కాస్త కట్టుకొచ్చి అరచేతులకు రుద్దుకునేవారు. నీలం మ్యాట్ మీద ఎర్ర మరకలు పడుతున్నాయని మా కోచ్ గోడకు కాగితం అంటించాడు: బయటి మట్టి తేరాదు. బయటి మట్టట! నాచారం మట్టి ఉప్పల్‌కు బయటిదైంది, సముద్రాలు దాటొచ్చిన ఆట లోపలిదైంది. ఆ కాగితాన్ని చింపి పారెయ్యాలనిపించింది నాకు. ఉస్తాద్ దాన్ని చదివి, రుమాలు జేబులో పెట్టుకుని, "కండ్లు కాళ్ల మీద వెట్టు బిడ్డా, చేతులు అబద్ధం జెప్తయి" అంటూ పాఠం మొదలుపెట్టారు.

మా ఆటలో ఆయనకు అస్సలు గిట్టనిది వెల్లకిలా పడుకోవడం. కుస్తీలో వీపు మట్టికి ఆనితే చిత్, ఇంక ఇంటికి పోవడమే. "మోకాలు నేలకు మొక్కాలె, వీపు మొక్కొద్దు" అనేవారు. మధ్యాహ్నం అఖాడా బల్ల మీద కునుకు తీసినా ఒక పక్కకు ఒత్తిగిలే తీసేవారు.

నాది బక్క ప్రాణం. బరువున్నవాళ్లు మీద పడితే లేవలేక నలిగిపోయేదాన్ని. కింద చిక్కితే ఎలా లేవాలని అడిగితే, "కింద వడ్డోడు లేసే పట్టు మా దగ్గర లేదు బిడ్డా" అని తేల్చేశారు. ఆ ప్రశ్న మాత్రం ఆయన్ను వదల్లేదు. కొన్నాళ్లకు ఒక ఆదివారం వచ్చి, అందర్నీ బయటికి పంపమన్నారు. కోచ్, నేను, ఇంకో ఇద్దరు మిగిలాం. షట్టర్ దించాక రుమాలు విప్పి మట్టి రుద్దుకున్నారు. ఆ రోజు కోచ్ కూడా నోరెత్తలేదు.

"ఇది మట్టి గాదు, దూదిపరుపు. దీని మీద పండుకుంటే లెక్కల రాదు" అని తనకు తానే చెప్పుకుని, ఉస్తాద్ వెల్లకిలా పడుకున్నారు. నాచారంలో ఎవరూ చిత్ చేయలేదని పేరున్న మనిషి! కోచ్‌ను మీదికి రమ్మన్నారు. లేవబోయి పడ్డారు, మళ్లీ లేవబోయి పడ్డారు. ఆ పెనుగులాటలోనే మిగిలిన ఇద్దరిలో ఒకడు ఫోన్‌తో ఫొటో తీశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"తీసెయ్ కొడుకా. మా జోడీదార్లు జూస్తే నా ఇజ్జత్ ఉండదు."

"తీసేపిస్త ఉస్తాద్, ఫికర్ జెయ్యకు" అన్నాడు కోచ్.

ఆయన మళ్లీ పడుకున్నారు. ఈసారి దారి దొరికింది. ముందు మోచేతి మీదికి, అక్కణ్ణుంచి అరచేతి మీదికి లేచి, నడుము వెనక్కి లాక్కుని, కోచ్ కాలు అందుకుని భుజంతో తోస్తూ నిలబడ్డారు. కోచ్ దబ్బున పడ్డాడు. "ఉన్నది బిడ్డా! మా కాలుపట్టే. కిందికెల్లి గూడ జెయ్యొచ్చని నాకే ఎర్కలేదు" అని పొంగిపోయారు. ఇవాళ నేను ఎంత బరువు కింద నుంచైనా లేస్తున్నానంటే ఆ పూట వల్లే.

ఆ ఫొటో తీసెయ్యలేదు.

ఆయన పోయిన రోజు నాచారంలో వాళ్ల గల్లీ మొదట్లో, రెండు స్తంభాల నడుమ కట్టిన ఫ్లెక్సీలో అదే ఫొటో. "కన్నీటి వీడ్కోలు" అనీ, జిమ్ పేరూ, కింద వెల్లకిలా ఉస్తాద్, పైన కోచ్. దాని ముందు ముసలి పహిల్వాన్లు గుసగుసలాడుతున్నారు. ఒకాయన కండువా దులుపుకుని, ఇంట్లోకి రాకుండానే వెనక్కి తిరిగాడు.

కోచ్‌ను పక్కకు లాగాను. "ఇదేంది?"

"ఫొటో మస్తుగొచ్చింది గదక్కా. మన ఆటల కిందుంటే ఓడినట్టు గాదు గదా."

"నీకు గాదు. ఆయనకు ఓడినట్టే. తీసెయ్యమని అడిగిండా లేదా?"

తల దించుకున్నాడు. "కొత్తది కొట్టిచ్చేలోపల పాడె లేస్తదక్కా" అని గొణిగాడు. బతికున్నన్నాళ్లూ ఎవరివల్లా కాని పనిని ఒక ప్రింటింగ్ షాపులో చేయించి వీధికి వేలాడదీశాడు! అందరి ముందూ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అందుకు నాకేం సిగ్గుగా లేదు.

ఆ గొడవ విని ఉస్తాద్ జోడీదారు వచ్చారు. పడుచుతనం నుంచి ఆయనతో కుస్తీ పట్టిన ముసలాయన. "ఈ పోరడు నిజంగనే చిత్ జేసిండా బిడ్డా?" అని నన్నడిగారు.

"చెయ్యలే తాతా. ఆయనే పండుకున్నడు. కింద పడితే ఎట్ల లేవాల్నో నాకు నేర్పనీకి."

తాత ఫ్లెక్సీ వంక చూశారు. "నేర్పిండా?"

"నేర్పిండు."

"మాకు ఒక్క ముక్క జెప్పలే." కళ్లు తుడుచుకుని కోచ్ వైపు తిరిగారు. "ఎక్కు. తాళ్లు ఇప్పు."

"తీసెయ్యాల్నా తాతా?"

"తీసుడెందుకు? తలకిందులు జేసి కట్టు."

"అక్షరాలు గూడ తలకిందులైతయి..."

"సదివేటోళ్లు మెడ వంచి సదువుకుంటరు."

కోచ్ నిచ్చెన తెచ్చుకుని ఎక్కాడు. ఇది రాస్తుంటే కూడా అతని మీద నా కోపం చల్లారలేదు. ముడులు మాత్రం గట్టిగానే వేశాడు.

డప్పులు మొదలయ్యాయి. పాడె ఆ ఫ్లెక్సీ కింది నుంచే సాగింది. వెనక్కి తిరిగిన పహిల్వాన్ కూడా వచ్చి భుజం పట్టాడు. తల ఎత్తి చూశాను. ఫొటోలో కోచ్ కిందికి వచ్చాడు. ఉస్తాద్ పైన ఉన్నారు. ఆయన వీపు వెనక మ్యాట్ నీలంగా పరుచుకుని ఉంది, ఆ నీలం మీద, ఆయన భుజం పక్కన, ఎర్రమట్టి అరచేతి అచ్చు.