మెట్ల కింద కుట్టుమిషన్

మా పాపకు ఏడాది నిండిన సంవత్సరం నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను. గవర్నర్‌పేటలో పెచ్చులూడుతున్న ఒక పాత మార్కెట్‌ను పడగొట్టి కొత్తది కట్టాలి. పీపీపీ పద్ధతి. అంటే స్థలం నగరపాలక సంస్థది, పెట్టుబడి ప్రైవేటు బిల్డర్‌ది. పై అంతస్తులు బిల్డర్ అద్దెకిచ్చుకోవచ్చు, కింద పాత దుకాణదారులకు చోటివ్వాలి. ఇటు దుకాణదారులతో, అటు బిల్డర్‌తో మాట్లాడి ఒప్పించడం నా పని.

సర్వే నేను చేరకముందే అయిపోయింది. జనం అడ్డు లేకుండా ఉంటుందని ఆదివారం కొలిచారు. మూసి ఉన్న షట్టర్లకు నంబర్లు వేసుకుంటూ వెళ్లిపోయారు.

చేరాక ఒక సోమవారం నేను వెళ్లేసరికి మెట్ల కింద కుట్టుమిషన్ మీద మార్తమ్మ గారు చీరకు ఫాల్ కుడుతున్నారు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మిషన్ మీదే చదివిస్తున్నారు. సాయంత్రం మిషన్‌ను ఎదురుగా ఉన్న చీరల కొట్లో పెట్టి ఇంటికెళ్తారు. ఆదివారం చర్చికి. అందుకే సర్వేలో ఆమె లేరు.

“కొత్తదాంట్లో నాకెక్కడమ్మా?” అని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను.

కొత్త ప్లాన్‌లో మెట్ల కింద కరెంటు ప్యానెళ్లు వస్తున్నాయి. షట్టరు లేనివాళ్లకు ఒప్పందంలో చోటు లేదని బిల్డర్ తరఫు మేనేజరు తేల్చేశారు. నేనా, కొత్తగా చేరినదాన్ని. పాపను వదిలే క్రెష్ నుంచి ఫోనొస్తే పని మధ్యలో లేచి పరిగెత్తేదాన్ని. ఎంత గట్టిగా వాదించాలో తెలియలేదు. దుకాణదారుల మీటింగుకు రమ్మని మాత్రం మార్తమ్మ గారికి చెప్పాను.

ఆమె వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. సంతకాల వేళ చీరల కొట్టు కోటేశ్వరరావు గారు లేచారు. “ఫాల్ కుట్టే మనిషి లేని బజార్లో చీరలెవరు కొంటారండీ? ఆవిడకి చోటు చూపించండి, తర్వాత నా సంతకం.”

“అంత కావాలంటే మీ కొట్లోనే కూర్చోబెట్టుకోండి,” అన్నారు మేనేజరు.

“అప్పుడు నా చీరలే ముందు కుట్టమంటాను. పక్క కొట్టువాళ్లు ఊరుకుంటారా?”

పక్క కొట్టాయన ఊరుకోనన్నాడు. అందరూ నవ్వారు, మేనేజరు కూడా. కానీ దుకాణదారులందరి సంతకాలూ లేనిదే పని మొదలవదు. దాంతో పనిదినం చూసి సర్వే మళ్లీ చేయించారు. మెట్ల కిందా వరండాల్లోనూ కూర్చునేవాళ్లు ఈసారి లెక్కలోకి వచ్చారు. కొత్త ప్లాన్‌లో లిఫ్టు పక్కన వాళ్లకు చిన్న చిన్న గళ్లు గీశారు. అక్కడ వెలుతురుండదని మార్తమ్మ గారు అంటే, ముఖద్వారం వైపుకు మార్పించాను.

ఆ తర్వాత ఏ మార్కెట్‌నూ మూసిన రోజున కొలవనివ్వలేదు. పెళ్లిళ్ల సీజన్లో, జనం మధ్య టేపు పట్టుకోవడం కుదరదని సర్వేవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.