గేటు దగ్గర పులిహోర

పక్కింటి ఆంటీ పోయారని అమ్మ ఫోన్ చేసేసరికి నేను యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని శుక్రవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచాల్సిన తెలుగు కరపత్రం రాస్తున్నాను. అందులోవన్నీ ఆవిడ చెప్పిన మాటలే. సగం వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ సగం ఇంకా అలాగే ఉంది.

అమ్మానాన్నలు వలస వచ్చి స్థిరపడ్డ గంగాలిన్‌లో మా గోడను ఆనుకున్న ఇల్లు ఆవిడది. ఫిజీలో పుట్టిన తెలుగు మనిషి. అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక ఇక్కడికి వచ్చేశారు. తాతల నాటి తెలుగు మాట్లాడేవారు. అమ్మానాన్నలకు ఇంగ్లిష్‌లోనే బదులిచ్చే నేను తెలుగు రాయడం నేర్చుకున్నది ఆ మాటలు వినే.

మా ఊరి చివర ఒక ఫ్యాక్టరీలో క్షిపణుల విడిభాగాలు చేస్తారు. దాన్ని ఇంకా పెద్దది చేస్తామని ప్రకటించిన రోజు మా ఇంట్లో వాదన జరిగింది.

“జనం లేని చిన్న దేశం ఆంటీ మనది. మన ఆయుధాలు మనమే చేసుకోకపోతే ఎలా? పైగా జాబ్స్ వస్తాయి. మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు” అన్నాడు నాన్న.

“మా ఫిజీ దీనికంటే ఎంత చిన్నది బాబూ! అక్కడి తుపాకులు సముద్రం వైపు తిరగనే లేదు. మా వీధి వైపే తిరిగినయి.”

నాన్న టీ కప్పు కింద పెట్టాడు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ ఫ్యాక్టరీ గేటు పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా యూనివర్సిటీ పిల్లలం నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని అరిచేవాళ్ళం. ఆవిడ అరిచేవారు కాదు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు కాగితం ప్లేట్లలో నిమ్మకాయ పులిహోర పెట్టి, “నువ్వేం చేస్తావు బాబూ లోపల?” అని ఇంగ్లిష్‌లో అడిగేవారు. ఒకడు స్క్రూలు సరిచూస్తానన్నాడు. ఒకమ్మాయి వైర్లు అతుకుతానంది. ఇంకొకాయన జీతాల లెక్కలే చూస్తానన్నాడు.

“చూశావటే, అందరూ ఒక్కో ముక్కే చేస్తారు. మనిషిని చంపేది మాత్రం ఎవరూ చెయ్యరంట!” అని నాతో అనేవారు.

గేటు కాపలాదారు మొదట్లో డ్యూటీలో తినకూడదన్నాడు. ఆవిడ స్టీలు డబ్బా అతని గదిలో పెట్టి వచ్చేశారు. మరుసటి వారం అతను దాన్ని తళతళా కడిగి తెచ్చిచ్చాడు. ఆవిడ మూత తీసి చూసి, “మాలో ఒకరి డబ్బా ఖాళీగా తిరిగివ్వరు నాయనా, చిటికెడు చక్కెరైనా వెయ్యాలి” అని చీవాట్లు పెట్టారు. ఆ ఆరడుగుల మనిషి చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత డబ్బాలో ఎప్పుడూ ఏ బిస్కెట్టో ఉండేది.

పోయినవారం విస్తరణకు అనుమతి వచ్చేసింది. మేం రాసినవి, అరిచినవి ఎక్కడా ఎవరి చెవినా పడలేదు.

“ఓడిపోయామా ఆంటీ?” అన్నాను. ఏడుపు ఆగలేదు.

“ఓడిపోయాం.” కుర్చీ మడుస్తూ అన్నారు. “శుక్రవారం వచ్చేటప్పుడు నిమ్మకాయలు తీసుకురా.”

మంగళవారం నిద్రలోనే వెళ్ళిపోయారు.

శుక్రవారం నేను వెళ్ళాను. అనుమతి వచ్చాక మావాళ్ళెవరూ రాలేదు. ఆవిడ మడత కుర్చీ వేశాను కానీ కూర్చోలేకపోయాను. కాంక్రీటు లారీలు ఒకదాని వెనక ఒకటి లోపలికి వెళ్తున్నాయి. కాపలాదారు డబ్బా పట్టుకుని వచ్చి, కుర్చీ వైపు చూసి, “ఆవిడేరీ?” అన్నాడు.

చెప్పాను. అతను టోపీ తీశాడు. డబ్బా నా చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. మూత తీస్తే ఆకులతో సహా కోసిన నిమ్మకాయలు.

“మా పెరట్లోవి. ఈసారి ఇవే తెమ్మన్నారు ఆవిడ” అన్నాడు.

నా సంచీలోనూ నిమ్మకాయలే ఉన్నాయి. ఇంకో లారీ వచ్చింది. అతను వెళ్ళి గేటు తెరిచాడు. లేచిన దుమ్ము ఖాళీ కుర్చీ మీద, ఆ ఆకుల మీద మెల్లగా వాలింది.