పగులు మీద గాజు ముక్క

ఎవరింటికి పోయినా నేను మొదట గోడ తట్టి చూస్తాను. ఇంటివాళ్లు కాఫీ కలపడానికి లోపలికి పోయినప్పుడు వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటాను. ఈ అలవాటు నాన్నది. ఆయన చిత్తూరు పక్క పల్లె నుంచి కోలారు బంగారు గనిలో పనికి వచ్చినవాడు. గని లోపల పని మొదలుపెట్టే ముందు తలమీది రాతిని గడ్డపారతో తట్టి చూసేవాళ్లట. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా మోగితే దాని కింద నిలబడకూడదు. ఇంటికొచ్చినా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. కొత్త కుండను, కొత్త తలుపును, సంతలో గుమ్మడికాయను, అన్నింటినీ తట్టేవాడు.

ఇప్పటి ఇళ్లలో ఏ గోడ తట్టినా డొల్లగానే మోగుతోంది. పోయిన వేసవిలో ముళబాగిలులో నాకు వరసకు చెల్లెలి కూతురయ్యే అమ్మాయి ఇంటికి పోయాను. కొత్తగా అలంకరించుకున్నారు. గోడలకు బూడిద రంగు. ఒక గోడకు ఇటుకల బొమ్మ కాగితం. నిజం ఇటుకలతో కట్టిన గోడకు సిమెంటు పూసి, దాని మీద మళ్లీ ఇటుకల బొమ్మ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంకో గోడకు ప్లాస్టిక్ గడ్డి, ఆ గడ్డి మధ్య వెలిగే ఇంగ్లీషు అక్షరాలు. పైన కప్పు కింద ఇంకో కప్పు, దాని అంచుల్లో ఊదా రంగు దీపాలు. ఆ వెలుతురులో మజ్జిగ కూడా మందులా కనిపించింది.

"పైన ఏముండాది?" అని అడిగాను.

"ఏమీ లేదు పెద్దమ్మా. సుమ్నే, ఊరికే, లుక్కు కోసరం."

"ఏమీ లేనిదాన్ని ఎవరన్నా కప్పుతారా?"

"నువ్వు మాత్రం మారవు పెద్దమ్మా" అని నవ్వింది. నేను నవ్వలేదు. కప్పు మూలలో కాఫీ చుక్కంత మరక ఒకటి కనిపిస్తోంది. పై కప్పు కారుతుంటే అది కింది కప్పు దాటి కనబడేసరికి ఎన్ని వానలు పడి ఉంటాయో లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. అదే రోజు మా ఇంట్లో ఏం జరుగుతోందో అప్పుడు నాకు తెలియదు.

మా ఇల్లు కేజీఎఫ్‌లో నాన్న కట్టించినది. రాతి గోడలు, మట్టి అడుసు, పైన సున్నం. ఆయనకు నేను ఒక్కదాన్నే కాబట్టి నాకు వచ్చింది. ముందు గదిలో తూర్పు గోడకు ఒక పగులు ఉంది. గని నడిచే కాలంలో లోపలి రాయి ఒత్తిడికి పేలితే పైన ఊరంతా అదిరేది. అరల మీది గిన్నెలు దొర్లేవి. అలాంటి ఒక అదురుకు వచ్చిన పగులది. నాన్న దాన్ని పూడ్చలేదు. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేశాడు. పగులు మధ్యలో సన్నటి గాజు ముక్కను అడ్డంగా పెట్టి, రెండు చివరలూ సిమెంటుతో అతికించాడు. గోడ కదిలితే గాజు సాగదు, విరుగుతుంది. మా వరసలో చాలా ఇళ్లలో ఇలాంటి గాజు ఉండేది. పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు దాన్ని చూసేవాళ్లు కూడా ఉన్నారు.

గని మూసేశాక అందరూ ఇంక భయం లేదన్నారు. నేను నమ్మలేదు. తవ్విన సొరంగాలు ఎక్కడికీ పోలేదు, వాటిలో నీళ్లు నిండుతున్నాయని అంటారు. నీళ్లలో నానిన రాయి ఊరకే పడి ఉంటుందని నాకెవరూ రాసివ్వలేదు. నాన్న పోయాక పాత గాజు మసకబారితే నేనే మార్చాను. బడిలో లెక్కలు చెప్పేదాన్ని. సైన్సు గదిలో సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజు పలక ఒకటి, మూల చిట్లిందని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాను. నా చేతులతో సిమెంటు కలిపి అతికించి, పక్కన తేదీ వేశాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం చూడడం, మూడు నెలలకోసారి పగులు కొస దగ్గర కొత్త తేదీ వేయడం. తేదీలు మారాయి గానీ గీత మాత్రం నాన్న గీసినదే.

ఆ గోడ పక్కనే నా మనవరాలి మంచం. చదువు, నిద్ర, ఫోను అన్నీ ఆ మంచం మీదే. కాబట్టి గాజు నాకు ముచ్చట కాదు.

మా కోడలికి మాత్రం ఆ గోడంటే సిగ్గు. ఆమెతో చీటీ కట్టే ఆడవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఒకామె, "మీ ఇంట్లో గోడ మీద ఎవరో పరీక్ష రాసినారే, పాసయినారా?" అందట. అందరూ నవ్వారట. ఆ నవ్వు కోడలి చెవిలో ఉండిపోయింది. మరుసటి నెలలోనే పీవీసీ ప్యానెళ్లు వేయిద్దామని మొదలుపెట్టింది. పాలరాయిలా కనిపించే ప్లాస్టిక్ పలకలవి. వాటిని చూడడానికి నన్ను కూడా బంగారుపేటకు తీసుకుపోయారు.

కొట్టులో ప్యానెళ్లాయన ఉత్సాహంగా చెప్పాడు. "తేమ ఉండనీ, మరక ఉండనీ, పగులు ఉండనీ, ఇది వేస్తే ఏదీ కనపడదమ్మా."

"కనపడదా, ఉండదా?"

"అంటే?"

"పగులు ఉండదా, కనపడదా అని అడుగుతా ఉండాను."

ఆయన నా కొడుకు మొహం చూశాడు. కొడుకు కోడలి మొహం చూశాడు. కోడలు పాలరాయి ప్యానెల్ మొహం చూసింది.

ఇంటికొచ్చాక నేను ఒక షరతు పెట్టాను. గాజు ముక్క ఉన్నచోట ప్యానెల్‌లో చిన్న తలుపు పెట్టాలి, కరెంటు మీటరు పెట్టెకు ఉన్నట్టు. తీసి చూసుకుంటాను, మూసేస్తాను. పగులు కొస కూడా కనబడాలన్నాను గానీ, రెండు తలుపులయితే గోడ అలమారలాగా ఉంటుందని కోడలు బతిమాలింది. సరే అన్నాను. అంత తేలిగ్గా సరే అన్నందుకు ఇప్పుడు నన్ను నేనే అనుమానిస్తున్నాను.

పని జరిగే రోజు నన్ను ముళబాగిలు పంపించారు. దుమ్ముకు నీకు దగ్గు వస్తాదమ్మా అన్నాడు కొడుకు. వాడు కోలారు దగ్గర నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఎప్పుడూ సెలవు దొరకదనేవాడు ఆ రోజు సెలవు పెట్టి మరీ నన్ను బస్సెక్కించాడు. నాకు దగ్గు వస్తుందని వాడికి అంతకు ముందెప్పుడూ గుర్తు లేదు. ఇది అప్పుడే పట్టుకోవాల్సింది.

తిరిగొచ్చేసరికి గది హోటలు ముందుభాగంలా మెరుస్తోంది. మూడు గోడలకు రంగులు, తూర్పు గోడకు పాలరాయి ప్లాస్టిక్. మధ్యలో నా చిన్న తలుపు. తీసి చూశాను. గాజు నిక్షేపంగా ఉంది.

"తృప్తేనా అత్తా?" అంది కోడలు.

"గాజుకి తృప్తి, నాకేముండాది" అన్నాను.

ఆదివారాలు మామూలుగానే గడిచాయి. తలుపు తీయడం, గాజు చూడడం, మూయడం. గోడ తట్టడం మానేశాను, తడితే ప్లాస్టిక్కే మోగుతుంది. చీటీ ఆడవాళ్లు ఆ గోడ ముందు నిలబడి ఫోటోలు దిగారు. పరీక్ష అన్నావిడ కూడా దిగింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం చూస్తే, రెండు ప్యానెళ్లు కలిసేచోట ఉన్న సన్నటి పట్టీ, కప్పుకు దగ్గర, కొంచెం విడిపోయి ఉంది. గోరు పట్టేంత సందు. కొడుకుతో చెప్పాను. "ప్లాస్టిక్ గదమ్మా, ఎండకూ వానకూ సాగతాది, ముడుచుకుంటాది" అన్నాడు. మరుసటి ఆదివారానికి గోరు పట్టిన చోట వేలు పట్టింది. అదే గోడకున్న మిగతా పట్టీలు ఏవీ విడిపోలేదు. పగులు పోయే దారిలో ఉన్నదే విడిపోయింది.

గాజేమో చెక్కుచెదరలేదు. పట్టీ గోడ కదిలిందంటోంది, గాజు కదల్లేదంటోంది. ఒకే లెక్కకు రెండు జవాబులు వస్తే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, రెండోసారి చెయ్యండి అని. టార్చి తెచ్చాను, భూతద్దం తెచ్చాను, చిన్న తలుపు తీసి దగ్గరగా చూశాను. గాజు మూలలు నాలుగూ చక్కగా ఉన్నాయి. నా గాజుకు ఒక మూల చిట్లి ఉండాలి. వేలు పెట్టి మెల్లగా నొక్కాను. గాజు ఊగే పన్ను కదిలినట్టు కదిలింది. అంచుల్లో సిమెంటు లేదు. స్నానాల గదిలో సింకు చుట్టూ పూస్తారే, రబ్బరులాంటి తెల్ల జిగురు, అది ఉంది. గోడ ఎంత జరిగితే ఆ జిగురు అంత సాగుతుంది. ఇక ఆ గాజు ఇల్లు కూలినా విరగదు.

కోడలు బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"నా గాజు యాడ పోయింది?"

చేట కింద పెట్టింది. నేరుగా నా మొహం చూసింది, అందుకు మెచ్చుకోవాలి. "విరిగిపాయ అత్తా. నువ్వు బాధపడతావని కొత్తది పెట్టినాము."

"ఎవరు విరిచినారు?"

"ఎవరూ విరచలేదు. ప్యానెళ్లాయన డ్రిల్లు పెట్టినప్పుడు విరిగిందని మీ అబ్బాయి అంటాడు."

"నువ్వేమంటావు?"

చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "నేను పొద్దునే గోడ తుడిచినాను అత్తా. అప్పటికే సన్నగా గీత ఉండె. డ్రిల్లు ఇంగా పెట్టెలోంచి తీయలేదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పని ఆపేస్తావు. ప్యానెళ్లు వెనక్కి తీసుకోరు. ఇంగ ఆ పరీక్ష మాట నేను ఎన్నేండ్లు పడేది?"

సాయంత్రం కంపెనీ బస్సు దిగి కొడుకు వచ్చాడు. చెప్పులు కూడా విప్పనివ్వలేదు నేను. డ్రిల్లుకే విరిగిందన్నాడు. కాదు, ముందే విరిగిందని కోడలు అంది. నీకు కండ్లు సరిగా కనపడవని ఇతను, నీకు నోరు సరిగా లేదని ఆమె. ఇద్దరూ మంచి మనసుతోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. నన్ను బాధపెట్టకూడదని గోడ నోరు మూశారు. ఇప్పుడు గాజు డ్రిల్లుకు విరిగిందో గోడ కదిలి విరిగిందో ఈ భూమ్మీద చెప్పగలిగినవాళ్లు లేరు.

"వాదులాట చాలు. ప్యానెల్ తీయండి, పగులు కొస చూద్దాము" అన్నాను.

"తీస్తే మళ్లీ అతకవమ్మా."

అప్పటిదాకా మంచం మీద ఫోను చూసుకుంటున్న మనవరాలు లేచి నిలబడింది. "నాయనా, దీని కింద పండుకునేది నేను. తియ్యి."

వాడు స్క్రూడ్రైవరు తెచ్చాడు. పై ప్యానెల్ ఊడి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. దుమ్ము, చచ్చిన బొద్దింక, తేమ వాసన. నాన్న గీసిన పెన్సిలు గీత కనిపించింది. పగులు అక్కడ ఆగలేదు. గీతను దాటి కప్పు వైపు జానెడు పోయింది. రాళ్ల మధ్య అడుసు నలుసులు నలుసులుగా రాలి ప్యానెల్ అంచులో పేరుకుని ఉంది.

కొడుకు, కోడలు మంచానికి చెరో పక్క పట్టుకుని ఎదుటి గోడకు జరిపారు. ఆ తర్వాత కొడుకు వచ్చి నా పక్కన కూర్చుని, "చెప్పింటే బాగుండెమ్మా" అన్నాడు. అవునన్నాను.

మేస్త్రీ వచ్చి చూసి గోడ లోపలికి ఉబ్బిందన్నాడు. కప్పు మీది వాన నీళ్లు గొట్టం గుండా పునాది పక్కనే పడి, అడుగున మన్ను కోసేశాయట. "గని కాదమ్మా, మీ గొట్టమే" అన్నాడు. ఏమో. గొట్టం కనబడుతోంది కాబట్టి గొట్టమంటున్నాడు. కింద ఏముందో ఆయనా దిగి చూడలేదు, నేనూ దిగి చూడలేదు. కప్పుకు ఆనింపు కట్టెలు పెట్టి, వానలు తగ్గాక ఆ గోడ విప్పి, సిమెంటుతో మళ్లీ కట్టాడు. గొట్టం కాలువ వైపు మళ్లించాడు.

ప్యానెళ్లాయన ఫోన్ చేశాడు, కొత్త గోడకు కొత్త డిజైన్లు వచ్చాయని. కోడలే మాట్లాడింది. "వద్దన్నా. ఆ గోడకి సున్నం చాలు. మా ఇంట్లో గోడలు మాట్లాడతాయి, నోరు కట్టకూడదు" అంది. నాకు వినబడాలనే గట్టిగా అందో ఏమో.

కొత్త గోడకు పగులు లేదు. గాజు ఎందుకమ్మా అని మేస్త్రీ నవ్వాడు. కొత్త గోడ పాత గోడతో కలిసే మూల ఉందిగా, అక్కడ పెట్టాలన్నాను. కోడలు పాత గిన్నెలో సిమెంటు కలిపింది. నేను గాజు పట్టుకున్నాను, అది జరగకుండా కొడుకు నా మణికట్టు పట్టుకున్నాడు. జిగురు కాదు కదా అని రెండుసార్లు వేలితో ముట్టి చూశాను. మనవరాలు పెన్సిలుతో పక్కన తేదీ వేసింది.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. నిన్నటి తేదీ వేసింది.

"ఒక్కరోజే కదా అవ్వా!"

రబ్బరు ఇచ్చి తుడిపించాను.