కబురు నరం

నీళ్ల తొట్టిలో నానిన పాదాన్ని బయటికి తీసి, తువ్వాలు మీద పెట్టి తుడిచి, ఆముదం రాస్తుంటే ఒక వాసన వస్తుంది. తడిసిన తోలు, నూనె, పగుళ్లలో దాక్కున్న మట్టి కలిసిన వాసన. మా ఇంట్లోవాళ్లు దానికి ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం పుట్టింటికి పోయినట్టుంటుంది. మొన్న కరీంనగర్‌లోని నా గదికి షుగర్ ఉన్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. పాదానికి నూనె రాస్తుంటే పిక్క పట్టుకుని, “ఇగో మేడం, గీ నరమే గుంజుతుంది” అన్నాడు. “ఏ నరం పెద్దయ్యా?” అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నరమంటే నరమే కదా, మళ్లీ ఏ నరమేమిటి, ఈమెకు పని వచ్చా రాదా అన్నట్టుంది ఆ చూపు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు సులోచన మేడం ముందు నిలబడి నేనూ సరిగ్గా ఇట్లాగే చూశాను.

ఎనభైల మొదట్లో మాట. కరీంనగర్ పొలిమేరలో ఒక పెద్దరోగం దవాఖాన ఉండేది. కుష్ఠును మావైపు పెద్దరోగమనే అనేవారు. ఆ రోగం వచ్చినవాళ్లకు పాదాల్లో స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు, పుండుపడి అది ముదిరిపోతుంది. అటువంటి పాదాలను కాపాడే పని నేర్పడానికి దవాఖానవాళ్లే శిక్షణ పెట్టారు. పుండు కడగడం, కట్టు కట్టడం, ఆనెకాయలు గీకడం, మెత్తటి రబ్బరు చెప్పులకు కొలతలు తీయడం, అన్నీ నేర్పేవారు. వీటన్నిటికంటే ముందు మనిషి శరీరం ఎట్లా పనిచేస్తుందో చదవాలి. ఆ పాఠం పేరు ఫిజియాలజీ. పుస్తకం ఇంగ్లిషు, పరీక్ష ఇంగ్లిషు. నేనేమో శ్రీరాంపూర్ బడిలో అంతా తెలుగులో చదివినదాన్ని.

బాపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. నాకు సీటొచ్చిందని తెలియగానే కాలనీలో అందరి నోళ్లకూ పని దొరికింది. “డాక్టర్ చదువు గాదట, నర్సు చదువు గాదట, కాళ్ల చదువట!” అని నీళ్ల నల్లా దగ్గర ఒకటే నవ్వులు. నన్ను కన్న అవ్వకు కూడా మనసొప్పలేదు. “చదువుకొని ఒకరి కాళ్లు పట్టుకునుడేందే? గది చదువుకోకున్నా పట్టుకోవచ్చు గద” అంది. బాపు ఒక్కడే షిఫ్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, “మనిషి నిలవడేది కాళ్ల మీదనే గదనే. పోనియ్యి” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బస్సెక్కాను.

సులోచన మేడం మాకు ఫిజియాలజీ చెప్పేది. చొప్పదండి దగ్గర ఊళ్లో దొరల బిడ్డ. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, ఎంచక్కా కాలేజీలో పాఠాలు చెప్పుకోవలసిన మనిషి వచ్చి మా దవాఖానలో పడింది. ఎర్రంచు నేత చీర, గట్టి గొంతు, అంతకంటే గట్టి నవ్వు. క్లాసు గుమ్మం ముందు చెప్పులు విడిచి వచ్చి, పాదం ఎత్తి స్టూలు మీద పెట్టేది. ఆమె నల్లబల్ల ఆ పాదమే. మిగతా సార్లు ఇంగ్లిషులో చెప్పి పోయేవారు. ఆమె మాత్రం ఇంటి భాషలో చెప్పేది. అది కొందరికి నామోషీగా ఉండేది గానీ నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు అందరినీ నిలబడమంది. కదలొద్దంది. ఏదో శిక్ష అనుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాం. కాసేపటికి కాళ్లు బరువెక్కాయి. ఒక పిల్ల ఊగిపోతూ గోడ పట్టుకుంది. “చాలు, ఇగ జర నడువుండ్రి” అంది. నాలుగడుగులు వేయగానే ప్రాణానికి హాయనిపించింది. అప్పుడు చెప్పింది. “గుండె నుంచి రక్తం కాళ్లకు దిగుడు అల్కనే. మల్ల పైకెట్ల ఎక్కుతది? నడిచినప్పుడు గీ పిక్క పిసుకుతది, రక్తం పైకి పోతది. ఎక్కింది దిగకుంట నరాల్ల చిన్న చిన్న తలుపులుంటయి. పిక్కంటే గుండెకు తమ్ముడు, యాదుంచుకోండ్రి.” నేను మురిసిపోయాను. ఇన్నాళ్లూ నన్ను మోసుకుని తిరిగిన కాళ్లలో ఇంత కథ ఉందా అని, సాయంత్రం హాస్టల్ వరండాలో నా పిక్కలు నేనే పట్టి చూసుకున్నాను.

ఆ మురిపెమే నా కొంప ముంచింది. పరీక్షలో పాదం నర్వ్‌ల గురించి రాయమన్నారు. నర్వ్ అంటే నరం. నరం గురించి నాకు తెలియనిదేముంది! వచ్చీ రాని ఇంగ్లిషులో పేజీ నిండా రాశాను: నర్వ్‌లలో రక్తం పైకెక్కుతుంది, నర్వ్‌లకు తలుపులుంటాయి, పిక్క పిసికితే నర్వ్‌లు పారుతాయి. తప్పాను.

మేడం తన గదికి పిలిచింది. నేను రాసింది పైకి చదివి, తలుపుల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రెండోసారి కూడా తప్పితే ఇంటికి పంపిస్తారు. అది ఆ దవాఖాన కట్టడి. మూటాముల్లె సర్దుకుని కాలనీలో బస్సు దిగుతుంటే నల్లా దగ్గర ఎవరెవరు ఏమేమంటారో అప్పుడే వినిపిస్తోంది.

“ఏడువకు పిల్ల,” అంది కళ్లు తుడుచుకుంటూ. “నేనే క్లాసుల నరాలకు తలుపులన్న. నువ్వు విన్నదే రాసినవ్. మన మాటనే గట్లున్నది. రక్తం పోయేది నరమే, తిమ్మిరెక్కేది నరమే, మెడ పట్టేస్తే గదీ నరమే. ఇటు రా.”

పాదం ఎత్తి స్టూలు మీద పెట్టింది. పాదం పైన నీలంగా కనిపిస్తున్నదాన్ని వేలితో నొక్కింది. “గిది పారే నరం. రక్తం పారేది.” బొటనవేలు పైకెత్తింది. చర్మం కింద తాడులాంటిది లేచింది. “గిది గుంజే నరం. ఏలును లేపుతది, దించుతది.” తరవాత నా చేయి పట్టుకుని తన చీలమండ వెనక లోపలివైపు పెట్టించింది. “గీడ లోపలున్నది కంటికి కనవడది. గిది కబురు నరం. సురుకు, సల్ల, నొప్పి, అన్ని కబుర్లు పాదం నుంచి తలకాయకు మోసేది గిదే. మన రోగులకు చెడేది గిదే బిడ్డా. కాలుంటది, రక్తముంటది, కబురే బందయితది.”

“ఇగ నుంచి ఎవలన్న నరమంటే ముందుగాల ఏ నరమని అడుగు,” అంది. నరమంటే నరమే కదా అని నేను ఆమెను వింతగా చూసింది అప్పుడే. “గట్ల చూడకు. రెండోపారి తప్పితే నిన్ను ఇంటికి పంపకుంట ఆపుడు నాతోని గాదు,” అని కాగితం నా చేతిలో పెట్టింది.

రెండో పరీక్ష కాగితం మీద కాదు, మనిషి మీద. పరీక్ష పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక డాక్టరు వచ్చాడు. మంచివాడే గానీ మా యాస ఆయనకు సగమే అర్థమయ్యేది. ఆ పొద్దున కొత్తగా వచ్చినవాళ్ల వరసలోంచి ఒకతన్ని పిలిచి నా ముందు నిలబెట్టాడు. ఇతనికి ఏమైందో చూసి చెప్పమన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఊరు చొప్పదండి వైపే, జమ్మికుంట పత్తి మార్కెట్లో హమాలీ. ఎండాకాలంలో కూడా కాలికి తువ్వాలు చుట్టుకుని, ఎవరూ తగలకుండా ఒదిగి నిలబడ్డాడు.

“ఏమైందన్నా?” అన్నాను.

“పెద్దరోగమమ్మా.”

“ఎవలు చెప్పిండ్రు?”

“ఎవలు చెప్పాలె? మార్కెట్‌కు పోయే తొవ్వల గోడ మీద రాసిండ్రు గద. నరాలు లావెక్కుడు పెద్దరోగమని. మా పెద్దోడు సదివి చెప్పిండు. చూడు, నా నరాలెట్లున్నయో.” తువ్వాలు విప్పాడు. పిక్క మీద నీలం నరాలు వేలంత లావున మెలికలు తిరిగి ఉన్నాయి. “కంచం వేరే పెట్టుకున్న. పసులకొట్టంల పంటున్న. చిన్న బిడ్డ బాపూ అనుకుంట ఉరికొస్తే కట్టెతోని అదిలిస్తున్నమ్మా.”

గోడ రాసినవాళ్లు ఎవరో గానీ వాళ్లు రాసింది నిజమే. ఆ రోగంలో నరాలు లావెక్కుతాయి. కానీ అవి కబురు నరాలు. ఈయన చూపిస్తున్నవి పారే నరాలు. నేను చేసిన పొరపాటే ఈయనా చేశాడు. నాకు మార్కులు పోయాయి, ఈయనకు ఇల్లు పోయింది. గదిలో ఒక పక్కన నిలబడ్డ మేడం వైపు చూశాను. ఆమె కావాలనే కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కళ్లు మూసుకోమని, దూది కొసతో పాదమంతా తాకాను. తాకిన ప్రతిచోటా వేలు పెట్టి చూపించాడు. చీలమండ వెనక, మోకాలి కింద బయటివైపు వేళ్లతో తడిమాను. అక్కడి నరాలు మామూలుగానే ఉన్నాయి. తరవాత ఆయనను బల్ల మీద పడుకోబెట్టి కాలు పైకెత్తి నా భుజాన పెట్టుకున్నాను.

“తలకాయ లేపి చూడన్నా.”

చూశాడు. మెలికలన్నీ అణిగిపోయి పిక్క చదునుగా ఉంది.

“ఏడవోయినయమ్మా?” అని మెడ చాపి మళ్లీ చూశాడు.

“పైకి పారినయి. గోడ మీద రాసిన నరం గిది గాదన్నా. గది కబురు నరం, గిట్ల అణగది. నీది పారే నరం. దినమంత బస్తాలు మోసుకుంట నిలవడితే లోపలి తలుపులు కరాబై రక్తం కిందికి దిగవడ్డది. నీకు పెద్దరోగం లేదు.”

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. “పారే నరమేమిటి? ఆ మాట ఏ పుస్తకంలో ఉంది?” అన్నాడు. మేడం కిటికీ దగ్గర నుంచి తిరిగి, “పుస్తకంల లేదు సార్, మా నోట్లె ఉన్నది. వెయిన్ అంటున్నది” అంది. ఆయన తానే మళ్లీ కాలెత్తి, దించి, తడిమి చూశాడు. నా వైపు తిరిగి ఇంగ్లిషులో చెప్పమన్నాడు. నర్వ్ బాగుంది, వెయిన్ లావైందని తడుముకుంటూ చెప్పాను. అవునన్నట్టు తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

హమాలీ అన్న మాత్రం బల్ల దిగలేదు. “అయితే బిడ్డను ఎత్తుకోవచ్చా?” అన్నాడు.

“పెద్దరోగమైనా ఎత్తుకోవచ్చయ్యా. మందులున్నయి. కొట్టంల పండుమన్నదెవలు నిన్ను?” అని మేడం కసిరింది.

“ఎవలనలే. నేనే పోయి పండిన” అని రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. మేడం పిక్కకు చుట్టే పట్టీ తెచ్చి నేల మీద కూర్చుని, ఆయన పాదం తన ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు గుర్తుపట్టాడు ఆమె ఎవరి బిడ్డో. గబుక్కున కాలు వెనక్కి తీసుకుంటూ, “నీ కాల్మొక్త దొరసానీ, నా కాళ్లు పట్టుకునుడేంది!” అన్నాడు.

“మా తాత కాళ్లు ఊరంత మొక్కిండ్రు. ఇగ చాలు. కాలు ఇటు పెట్టు,” అంది ఆమె.

నేను గట్టెక్కాను. ఆ ఆదివారం మేడం మమ్మల్ని ఒక సున్నం బకెట్టు, ఒక రంగు డబ్బాతో జమ్మికుంట బస్సెక్కించింది. ఆ గోడ మీద రాసింది కొట్టేసి, “తాకితే తెలియని మచ్చ ఉంటే దవాఖానకు రండి, మందు ఉంది” అని రాశాం. నా అక్షరాలు వంకరగా ఉన్నాయని ఆమె పొద్దంతా ఏడిపించింది. సెలవులకు ఇంటికి పోయి ఇదంతా చెప్పాను. రాత్రి అన్నం తిన్నాక బాపు కాళ్లు చాపి, “నావి ఏ నరాలో జర చూడు బిడ్డా” అన్నాడు. అవ్వ నవ్వుతూ తనూ వచ్చి పక్కన కూర్చుంది.

మేడంను మళ్లీ చూసింది తొంభైలలో, చొప్పదండిలో. ఉద్యోగం మానేసి తమ్ముడింట్లో ఉండేది. అప్పటికే చాన్నాళ్లుగా షుగర్, అది కూడా కబురు నరాన్నే తింటుంది. నేను ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకోమని దూది తీశాను. “నా చదువు నా మీదనేనా!” అని నవ్వి కళ్లు మూసుకుంది. తాకినప్పుడల్లా “అందింది... అందింది” అంటోంది. మడమ దగ్గర తాకాను. ఏమీ అనలేదు. మళ్లీ తాకాను.

“ఏమే, ఆపినవేంది?” అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసి అంతా గ్రహించింది. “గా మడమకు కబురు బందయిందా? పోనీ తియ్యి. గది చెప్పకున్నా నువ్వు చెప్తున్నవ్ గదా,” అని నా తల నిమిరింది. పోయేదాకా ఆ మడమకు పుండు పడలేదు. నెలనెలా పోయి చూసుకున్నాను. నా జన్మకు ఆ తృప్తి చాలు.

మొన్నటి పెద్దాయన ఇంకా అట్లాగే చూస్తున్నాడు. “నరాలు మూడు రకాలు పెద్దయ్యా” అని చెప్పి, కళ్లు మూసుకుని కబురు అందితే చెప్పమని, దూది కొసతో మడమ మీద తాకాను. తాకానా లేదా అన్నంత మెల్లగా.

“అందింది బిడ్డా” అన్నాడు.