మూడొందల మందిని నిజం చేసిన చెంచమ్మ

యానాదుల హక్కుల కోసం జీవితాన్ని ధారపోసిన చెంచమ్మ గారు అస్తమించారన్న వార్త మొన్న మంగళవారం పర్చూరులో టీ తాగుతుండగా నా చెవిన పడింది. చేతిలోని గ్లాసు జారి భళ్లున పగిలిందని రాద్దామనుకున్నాను. పగల్లేదు. టీ చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను.

ఆ ధీరవనితతో నాది పన్నెండేళ్ల సాహచర్యం. ఉద్యమ సహచరుణ్ని అనుకునేరు! ఆమెపై నిఘాకు ప్రభుత్వం పెట్టిన కానిస్టేబుల్ని. ఎవరిని కలిసింది, ఎంతమంది పోగయ్యారు, రోజూ రాసి పంపడం నా విధి. పన్నెండేళ్లూ ఆమెకు అనుమానం రాకుండా నీడలా వెన్నంటానని మనవలకు చెబుతుంటాను. అవి కోతలు. రెండో రోజే దొరికిపోయాను.

లుంగీ కట్టి, తలపాగా చుట్టి, మిరపచేలో కూలివాడిలా నిలబడ్డాను. ఆమె నేరుగా వచ్చి తడి రేగడిలో నా అడుగు చూపించింది.

"ఎలుక ఏ బొరియలో దూరిందో అడుగు చూసి చెప్పే జాతి మాది సారూ. మఫ్టీలో వచ్చారు సరే, ఆ పోలీసు బూట్లు ఇంటికాడ ఇడిచి రావొద్దా?"

కాయలు కోస్తున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మర్నాటి నుంచి ఎక్కడికి వెళ్లేదీ తానే ముందుగా చెప్పేది. "నా ఎనకమాల ఎండలో తిరగమాకండి, వడదెబ్బ తగులుద్ది."

ఇక నా పాపం. కాలవ కట్ట మీది గుడిసెలు పీకేస్తారని తెలిసి, ఇళ్ల పట్టాల కోసం అర్జీ ఇవ్వడానికి ఆమె ముప్పై మందిని కూడగట్టింది. ముప్పై అని రాస్తే పై అధికారి కాగితం వంక చూడడు. నా గొప్ప కోసం మూడొందలని రాశాను. తెల్లారేసరికి రెండు వ్యాన్లు దిగాయి. అర్జీతో సహా ఆమెను పట్టుకుపోయి నాలుగు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. ఈలోగా ఆరు గుడిసెలు నేలమట్టమయ్యాయి.

ఆమె బయటికొచ్చిన రోజు ఎదురెళ్లి, "చెంచమ్మా, ఆ అంకె నేనే పెంచాను" అన్నాను.

"ఆరు గుడిసెలు, సారూ" అంది. తలొంచుకున్నాను. ఆమె కొంగు నడుముకు బిగించి, "సర్లే, అంకె బాగుంది. కొట్టెయ్యమాకండి, నిజం చేద్దాం" అంది.

రెండు నెలలు కాలవ కట్టలన్నీ కాలినడకన తిరిగింది. మండలాఫీసు ముందు మళ్లీ అర్జీ ఇచ్చిన రోజు, సర్వీసులో మొదటిసారి తలలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మూడొందలు దాటాయి. పట్టాలొచ్చాయి. సర్వీసంతా కొట్టిన సెల్యూట్లు ఉద్యోగానివి. ఆ రోజు చాటుగా ఆమెకు కొట్టింది నాది.

ఆ పట్టాల స్థలంలో వెలసిన కాలనీ నుంచే ఆమెను సాగనంపాం. అటువంటి మనిషి మళ్లీ పుట్టదు. జనంలో ఒకతను పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "బాబాయ్, ఎంతమందని రాయమంటావ్?" అతని కాళ్లు చూశాను. చెప్పులే. డిపార్టుమెంటు కాస్త నేర్చుకుంది.

"ఒక్కొక్కర్నీ లెక్కపెట్టి రాయరా, పెంచమాక" అన్నాను. "అందులో నన్నూ కలుపుకో."